ఏ ఘడియకు మీరు భార్యాభర్తలవుతారు?

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమెకు ఇరవై ఏడేళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. అక్కడే పరిచయమైన యువకుణ్ణి పెళ్లి చేసుకోబోతున్నారు. అతనిది పల్నాడు వైపు రోమన్ కతోలిక కుటుంబం. రెండేళ్లు పోరి పోరి ఇరువైపులా ఒప్పించుకున్నారు. "ఒప్పుకుంటే చాలనుకున్నాం. ఒప్పుకున్నాకే అసలు గొడవ మొదలైంది" అంటారామె.

తండ్రిగారిది ఒకటే మాట: అల్లుడి కాళ్లు కడిగి కన్యాదానం చేయనిదే పిల్లను పంపేది లేదు. అబ్బాయికి తండ్రి లేరు. తల్లి ఒక్కతే నానా కష్టాలు పడి ఇద్దరు పిల్లలను పెంచారు. చర్చిలో పెళ్లి కాకపోతే కొడుకు పూజలో అందుకునే సత్ప్రసాదానికి (కమ్యూనియన్‌కు) దూరమవుతాడని ఆవిడ బెంగ. ఇద్దరినీ సంతోషపెట్టాలని ఈ జంట ఒక ఉపాయం ఆలోచించింది: ఒకే ఫంక్షన్ హాలు, ఒకే వేదిక, ఒకవైపు పురోహితుడు, ఇంకోవైపు ఫాదర్. కాసేపు మంత్రాలు, కాసేపు ప్రార్థనలు. పురోహితుడు "అబ్బాయి గోత్రం ఏమని చెప్పను?" అని అడిగి ఊరుకున్నారు. ఫాదర్ మొహమాటం లేకుండా కుదరదన్నారు. పెదనాన్నగారు మధ్యవర్తిత్వానికి వచ్చి, "ఏదో ఒక గుడిలో తాళి కట్టించి హిందూ వివాహంగా రిజిస్టర్ చేయించేద్దాం, తర్వాత చర్చిలో వాళ్లు ఏం చేసుకుంటే మనకెందుకు" అంటున్నారు. మీలో ఎవరో ఒకరు మతం మారితే పీడా పోతుంది కదా అనే సలహాదారులకూ కొదవ లేదు.

చర్చివారి వివాహ సిద్ధత తరగతుల్లో ఆమెకు ఇంకో సంగతి తెలిసింది. పుట్టబోయే పిల్లలకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇప్పిస్తానని అబ్బాయి మాట ఇవ్వాలట. "అది లాంఛనమేలే, సంతకం పెట్టేస్తాను" అన్నాడతను.

చివరి పేజీలో, "ఇది చిన్న విషయమే గానీ" అంటూ ఆమె రాసినది ఇది. మాటలు ఖాయం చేసుకున్న రోజు మేనత్త పక్కవారితో, "మంగళస్నానాలకీ, తలంబ్రాలు కలిపేటప్పుడూ ఆ తల్లిని కాస్త పక్కన ఉండమనాలి, పాపం, ఆయన లేరు కదా" అన్నారు. కాబోయే అత్తగారి చెవిన ఆ మాట పడింది. అంతవరకు "మీ పద్ధతిలో కూడా ఏదైనా చేసుకోండమ్మా" అంటూ వచ్చిన ఆవిడ ఆనాటి నుంచి చర్చిలో తప్ప ఇంకెక్కడా ఏమీ వద్దంటున్నారు.

ఇప్పుడు ఏం చేయాలన్నది ఆమె ప్రశ్న.

* * *

మీరు చిన్న విషయమని చివరి పేజీలోకి నెట్టినదాని దగ్గరే నేను మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో తేదీతో సహా గుర్తున్న గొడవ అదొక్కటే. ఆ రోజు ముందు ఆవిడ ఒకలా ఉన్నారు, తర్వాత ఇంకోలా ఉన్నారు. మధ్యలో మారింది ఆవిడ భక్తి కాదు. కొడుకు పెళ్లిలో తనను ఎక్కడ నిలబెడతారో ఆవిడకు తెలిసిపోయింది. చర్చిలో ఆవిడ కొడుకు పక్కన నడిచి వస్తుంది, ముందు వరుసలో కూర్చుంటుంది, ఆవిడను పక్కకు తప్పుకోమనేవారు అక్కడ ఉండరు. మీ మండపం దగ్గర ఆ భరోసా లేదు. ఆవిడ స్థానంలో ఉంటే మీరైనా చర్చే కోరుకునేవారు.

ఈ సంగతి తేలకుండా తంతుల గురించి ఎంత మాట్లాడినా వృథా. మేనత్తగారికి చెప్పాల్సింది మీరు కాదు, మీ నాన్నగారు. కోడలి హోదాలో మీరు వెళ్లి అత్తగారి పక్షాన మాట్లాడితే అది ఆడవాళ్ల తగువుగా మిగులుతుంది. అన్నగా ఆయన చెల్లెలికి చెబితే ఇంటి నిర్ణయం అవుతుంది. తర్వాత మీ అమ్మగారు స్వయంగా ఆ ఊరు వెళ్లి, "వదినగారూ, తలంబ్రాల బియ్యంలో మొదటి చేయి మీదే" అని పిలవాలి. క్షమాపణ అన్న మాట వాడనక్కర్లేదు. ఆవిడకు అర్థమవుతుంది. వీరేశలింగం గారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఆ గోదావరి పక్కన ఉంటూ ఇప్పటికీ ఒక తల్లిని కొడుకు పెళ్లిలో ఏ మూల నిలబెట్టాలో చర్చించుకుంటున్నామంటే సిగ్గుపడవలసింది మనమే. ఈ ఒక్క విషయంలో మాత్రం మీకు రెండో దారి చూపించను.

ఇక మీ ఉమ్మడి వేదిక సంగతి. ఫాదర్, పురోహితుడు ఇద్దరూ మొండివాళ్లని మీకు అనిపించింది. నాకు అలా అనిపించలేదు. ఇద్దరూ తమ తంతును నిజమని నమ్మారు కాబట్టే కాదన్నారు.

కతోలిక సభకు 1983 నాటి కానన్ చట్టం, అంటే చర్చి సొంత నియమావళి, ఉంది. దాని ప్రకారం కతోలికుడికీ జ్ఞానస్నానం లేనివారికీ జరిగే పెళ్లి, బిషప్ నుంచి మినహాయింపు రాకపోతే చెల్లదు. ఆ మినహాయింపు సాధారణంగా దొరికేదే, విచారణ (స్థానిక చర్చి పరిధి) గురువు ద్వారా దరఖాస్తు పెట్టుకోవాలి. కానీ అదే చట్టం 1127వ నిబంధన ఇంకో మాట అంటుంది: చర్చిలో పెళ్లికి ముందు గానీ తర్వాత గానీ, ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరించే మరో మతకర్మ జరపకూడదు. ఇద్దరు పూజారులు ఒకేచోట నిలబడి చెరో పద్ధతిలో సమ్మతి అడగడమూ నిషిద్ధమే. మీరు కోరినది అక్షరాలా అదే. ఆయన "సరే" అని ఉంటే నేను ఆశ్చర్యపోయేదాన్ని.

పురోహితుడి ఇబ్బందీ తక్కువది కాదు. కన్యాదానంలో ఇరువైపులా మూడు తరాల పేర్లు, గోత్రం, ప్రవర చెప్పాలి. వరుణ్ణి సాక్షాత్తు విష్ణు స్వరూపంగా భావించి కాళ్లు కడుగుతారు. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పే వాడుక ఉంది, ఆ సర్దుబాటు చేసే పురోహితులూ దొరుకుతారు. అయితే తనది కాని గోత్రాన్ని తనదని చదివించుకుంటూ, విష్ణుమూర్తిగా పూజ అందుకుంటూ పీటల మీద కూర్చోవడం మీ అబ్బాయికి సమ్మతమేనా? నాలుగు పేజీలలో ఆ ప్రశ్న అతన్ని అడిగినట్టు ఎక్కడా లేదు. అడగండి. "నాకేం ఇబ్బంది లేదు" అని వెంటనే అన్నాడంటే ఇంకోసారి అడగండి. పిల్లల సంగతిలోనూ అతను అలాగే వెంటనే లాంఛనమన్నాడు కదా.

అందుకే పద్ధతులను ఎలా కలపాలన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ముందు ఒక్కటి తేల్చుకోండి: ఏ ఘడియలో, ఎవరి ఎదుట, ఏ మాటతో మీరు భార్యాభర్తలవుతారు? ఆ ఘడియ ఒక్కటే ఉండాలి. అది కుదిరాక దాని ముందూ వెనకా ఎన్ని వేడుకలైనా పేర్చుకోవచ్చు. అది తేల్చకపోతే రెండు కుటుంబాలూ తమ తంతే అసలు పెళ్లి, అవతలిది ఊరికే ముచ్చట అని జీవితాంతం వాదించుకుంటాయి.

పెదనాన్నగారి దారిని మాత్రం మొదట్లోనే కొట్టేయండి. 1955 హిందూ వివాహ చట్టం ఇద్దరు హిందువుల మధ్య పెళ్లికే వర్తిస్తుంది. గుడిలో తాళి కట్టి, ఆ చట్టం కింద రిజిస్టర్ కూడా చేయించుకున్న ఒక క్రైస్తవ యువకుడు, హిందూ యువతి కేసు మన ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ పెళ్లి చెల్లదని 2008లో తీర్పు వచ్చింది. రిజిస్ట్రేషన్ కాగితం ఆ పెళ్లిని కాపాడలేదు. పెదనాన్నగారి ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ ఆయన మాట వింటే మీ చేతికి వచ్చేది నిలబడని కాగితం.

మీకు నిజంగా ఉన్న దారుల్లో ఒకటి, సమ్మతి చర్చిలో చెప్పడం. 1872 క్రైస్తవ వివాహ చట్టం ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైనా వర్తిస్తుంది. మీరు మతం మారనక్కర్లేదు, చర్చి రిజిస్టరులో నమోదైన ఆ పెళ్లికి చట్టబద్ధత ఉంటుంది. మీకు జ్ఞానస్నానం లేదు కాబట్టి సాధారణంగా దివ్యబలిపూజ (మాస్) లేకుండా వివాహ క్రతువు ఒక్కటే జరుపుతారు. ఇది మీకు మేలే. సత్ప్రసాదం వేళ మీ బంధువులు లేవాలా కూర్చోవాలా అని దిక్కులు చూసే పని ఉండదు. అత్తగారి బెంగ తీరుతుంది. నష్టం మీ నాన్నగారిది: కన్యాదానం ఉండదు, జీలకర్ర బెల్లం ఉండదు.

అయితే ఆయనకు ఏమీ మిగలదనుకోకండి. మన పెళ్లిలో సమ్మతితో సంబంధం లేని వేడుకలు ఎన్నో ఉన్నాయి. పసుపు దంచడం, పెళ్లికూతుర్ని చేయడం, మంగళస్నానాలు, గాజులు, అన్నీ మీ ఇంట్లో యథావిధిగా జరుపుకోవచ్చు. నన్నడిగితే వీటన్నిటికంటే పెద్దది అప్పగింతలు. పళ్లెంలో పాలు పోసి, కూతురి చేతులు ఆ పాలలో ముంచి, తీసుకెళ్లి అత్తింటివారి చేతుల్లో పెడతారు. మంత్రం తెలియని వాడికి కూడా కన్నీళ్లు ఆగని ఘట్టం అది. మీ నాన్నగారు "కన్యాదానం" అంటున్నప్పుడు ఆయన మనసులో ఉన్నది శాస్త్రోక్తమైన దానమా, లేక పదిమంది ముందు కూతుర్ని తన చేత్తో అప్పగించడమా? రెండోదే అయితే అప్పగింతలు ఆయనకు సరిపోతాయి. ఆ చేతులు అందుకోవాల్సింది ఎవరో మీకు తెలుసు. ఆవిడను పక్కన ఉండమనడం అప్పుడు ఎలాగూ కుదరదు.

తాళి విషయంలో కూడా మన వాడుకే దారి చూపిస్తోంది. తెలుగువారి మంగళసూత్రానికి రెండు పుస్తెలు, పుట్టింటిది ఒకటి, అత్తింటిది ఒకటి. తెలుగు కతోలికులు ఉంగరాలతో పాటు తాళి కూడా ఆశీర్వదించి కట్టించుకుంటారు, వారి పుస్తె మీద సిలువ ఉంటుంది. చర్చిలో సిలువ ఉన్న అత్తింటి పుస్తె కట్టించుకోండి. పదహారు రోజుల పండుగ నాడు చాలా ఇళ్లలో రెండు పుస్తెలనూ కలిపి నల్లపూసలతో గుచ్చుతారు కదా, ఆ రోజు మీ ఇంట్లో, మీ అమ్మగారి చేతుల మీదుగా పుట్టింటి పుస్తె చేర్చండి. అప్పుడు ఎవరూ ఎవరినీ మళ్లీ పెళ్లి చేసుకోవడం లేదు, కాబట్టి ఫాదర్ అభ్యంతరపెట్టే అవకాశం తక్కువ. ఆ మాట పెళ్లి తర్వాత కాకుండా ఇప్పుడే ఆయన చెవిన వేయండి. రిసెప్షన్‌లో పురోహితుడు ఇచ్చే వేదాశీర్వచనం గురించి కూడా అప్పుడే అడగండి. సత్యనారాయణ వ్రతం మాటకు వస్తే, పీటల మీద దంపతులుగా కూర్చోవడానికి అబ్బాయి మనస్సాక్షి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మీ అమ్మానాన్నలు పీటల మీద కూర్చుంటారు, మీరిద్దరూ ప్రసాదం తీసుకుంటారు.

రెండో దారి 1954 ప్రత్యేక వివాహ చట్టం. దీన్ని అందరూ రిజిస్ట్రార్ ఆఫీసులో దండలు మార్చుకోవడంగానే ఊహించుకుంటారు. చట్టంలో మాత్రం ఇంకా వెసులుబాటు ఉంది. 12వ సెక్షన్ ప్రకారం పెళ్లి మీకు నచ్చిన ఏ పద్ధతిలోనైనా జరుపుకోవచ్చు. అదనపు రుసుము కడితే, మరీ దూరం కాకపోతే, వివాహాధికారి మీ హాలుకే రావచ్చు. ఆయన ఎదుట, ముగ్గురు సాక్షుల ఎదుట, మీకు అర్థమయ్యే భాషలో ఒకరినొకరు చట్టబద్ధమైన భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామని చెప్పాలి. ఆ మాట తెలుగులోనే చెప్పవచ్చు. అలాగైతే మీ నాన్నగారు పీటల మీద కూర్చుని కన్యాదానం చేసినా పెళ్లికి చట్టబలం ఉంటుంది. ఇక్కడ నష్టం అటువైపు. చర్చి పద్ధతిలో జరగని పెళ్లిని సభ గుర్తించదు, తల్లిగారి భయం నిజమవుతుంది. చర్చి క్రతువు నుంచే మినహాయించే అధికారం, తీవ్రమైన ఇబ్బందులున్నప్పుడు, బిషప్‌కు ఉంది. దానికి గట్టి కారణం చూపాలి, అడిగినంత మాత్రాన వస్తుందని లెక్క వేసుకోకండి. తర్వాత ఎప్పుడైనా చర్చిలో సరిచేసుకునే వీలుంది గానీ, ఆ మధ్యకాలమంతా అతను ప్రతి ఆదివారం తల్లి పక్కన కూర్చుని, సత్ప్రసాదానికి లేవకుండా ఉండిపోవాలి. దాని బరువు అతనికే తెలియాలి.

మూడో దారి మీరు రాయలేదు గానీ మీ మనసులో ఉందని నా అనుమానం: పొద్దున చర్చిలో, రాత్రి ముహూర్తానికి మండపంలో, ఫాదర్‌కు చెప్పకుండా రెండూ పూర్తిగా చేసేయడం. చాలామంది చేస్తారు, ఆకాశం ఏమీ విరిగిపడదు. కాకపోతే హాల్లో ప్రతి చేతిలోనూ ఫోను ఉంటుంది. ఆదివారానికల్లా ఆ ఫోటోలు అత్తగారి విచారణకు చేరతాయి. సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేది మీకు కాదు, ఆ ఊళ్లో బతకాల్సిన ఆవిడకు.

మతం మారడం గురించి: మనసు మారితే మారండి, మండపం కోసం మారకండి. హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ సంగతి సలహాదారులకు తెలిసి ఉండదు. హిందువు మరో మతంలోకి మారితే, మారాక పుట్టిన పిల్లలకు ఆ హిందూ బంధువుల ఆస్తిలో వారసత్వం ఉండదు, వారసత్వం తెరుచుకునే నాటికి, అంటే ఆ బంధువు మరణించే నాటికి, ఆ పిల్లలు హిందువులైతే తప్ప. వేరే మతస్థుణ్ణి పెళ్లి చేసుకున్నంత మాత్రాన మీ వాటా ఎక్కడికీ పోదు. ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే ఉమ్మడి కుటుంబం నుంచి మీరు విడిపోయినట్టు లెక్క, ఆపైన మీ ఆస్తికి 1925 వారసత్వ చట్టం వర్తిస్తుంది. అయినా విడిపోవడం వేరు, వాటా పోవడం వేరు. పిత్రార్జితమైన పొలం ఉంటే సంతకాలకు ముందు ఒక న్యాయవాదికి కాగితాలు చూపించండి, మీ నాన్నగారిని వెంటబెట్టుకునే వెళ్లండి.

పిల్లల దగ్గరకు వద్దాం. ఇది లాంఛనం కాదు. మీ వరుడు తన విశ్వాసాన్ని వదలనని, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించి కతోలికులుగా పెంచడానికి తన శక్తి మేరకు ప్రయత్నిస్తానని మాట ఇవ్వాలి. మాట ఇచ్చేది అతను. మీకు ఆ సంగతి తెలియజేయాలి, అంతే, మీ నుంచి ఆ వాగ్దానం అడగరు. అతను దాన్ని నిలబెట్టుకునే మనిషి అయితే రేపు మీ ఇంట్లో జ్ఞానస్నానం ఉంటుంది. నిలబెట్టుకోని మనిషి అయితే, దేవుడి ముందు చేసిన సంతకానికి విలువ ఇవ్వని వాడని మీకు పెళ్లికి ముందే తెలిసినట్టు. రెండింట్లో ఏదైనా మీరు కళ్లు తెరిచి ఒప్పుకోవాల్సిందే. అన్నప్రాశన ఎక్కడ, అక్షరాభ్యాసం ఉంటుందా, పేరు ఏం పెడతారు, సెలవుల్లో అమ్మమ్మ గుడికి తీసుకెళితే ఎవరికైనా అభ్యంతరమా, ఇవన్నీ పేరు పేరునా మాట్లాడుకోండి. ఒక సాయంత్రం పడుతుంది, పోట్లాట కూడా రావచ్చు, రానివ్వండి. ఈ సంభాషణ తర్వాత కూడా చర్చి పెళ్లికి మీ మనసు ఒప్పుకుంటే మొదటి దారి మీకు బాగుంటుందని నా అభిప్రాయం. ఒప్పుకోకపోతే రెండో దారే నిజాయితీగా ఉంటుంది, తల్లిగారికి ఎంత బాధ అయినా సరే.

ఇంకొకటి. నాలుగు పేజీల్లో ఎక్కడా కులం మాట లేదు. మీ పెదనాన్నగారు "వాళ్లది ఏ కాలం నాటి చర్చో, అసలు ఎక్కడివాళ్లో" అన్నట్టు మాత్రం రాశారు. ఆయన అడుగుతున్నది చర్చి గురించేనా అన్నది మీకే తెలియాలి. కాకపోతే, ఎన్ని పుస్తెలు ఒకే తాడుకు గుచ్చినా ఆ మాట ఆగదు. పెళ్లిలో ఆయనకు ఏ బాధ్యత ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో దాన్నిబట్టి నిర్ణయించుకోండి.

శుభలేఖలు రెండు రకాలుగా అచ్చు వేయించండి, ఎవరి బంధువులకు వారివి. భోజనాల్లో బిర్యానీ ఒక పూట, అరిటాకు భోజనం ఒక పూట. వీటి మీద కోపాలు ఖర్చు చేసుకోకండి. తిరుమల వెళ్లాలని మీ నాయనమ్మగారి మొక్కు ఉందన్నారు. అన్యమతస్థులు దర్శనానికి ముందు డిక్లరేషన్ ఇవ్వాలన్న నిబంధన ఉంది, ఆ సంగతి అబ్బాయికి కొండ మీదకు వెళ్లాక కాకుండా ఇక్కడే చెప్పండి. అతనికి ఇష్టం లేకపోతే మీరు, నాయనమ్మ వెళ్లి రండి.

తేదీల దగ్గర మాత్రం జాగ్రత్త. మీవాళ్లు మాఘ, ఫాల్గుణ మాసాల ముహూర్తాలు చూస్తున్నారు. ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలం కూడా ఫిబ్రవరి, మార్చి నెలల్లోకే వస్తుంది, ఆ రోజుల్లో చాలా విచారణల్లో పెళ్లిళ్లు పెట్టుకోరు. బిషప్ కార్యాలయం నుంచి మినహాయింపు రావడానికి సమయం పడుతుంది. ప్రత్యేక వివాహ చట్టం దారి పడితే, ఇద్దరిలో ఒకరు కనీసం ముప్పై రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి, మరో ముప్పై రోజులు అభ్యంతరాలకు ఆగాలి, నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోగా పెళ్లి కావాలి, దాటితే మళ్లీ మొదటికి. కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి: ముందు మీ అమ్మగారు అత్తగారింటికి వెళ్లి రావడం, తర్వాత పిల్లల గురించి మీ ఇద్దరి మాట, ఆ తర్వాత విచారణ గురువుకో రిజిస్ట్రార్‌కో దరఖాస్తు. అనుమతి చేతికి వచ్చాక ఆయన ఇచ్చిన రెండు మూడు తేదీలు పట్టుకుని పురోహితుడి దగ్గరకు వెళ్లి, వాటిలో మంచి రోజు ఏదో చెప్పమనండి. హాలుకు అడ్వాన్సు ఆ సాయంత్రం కట్టవచ్చు.